గడప ముందు చెప్పులు

నిన్న సాయంత్రం నాంపల్లి నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో మా బాబుకి ఒక గల్లగురిగి కొన్నాను. పైసలు వేసే సందు దగ్గర ముక్కు పెట్టి చూస్తే కాల్చిన మట్టి వాసన, దాని వెనకే స్కూటరు పొగ వాసన కూడా వచ్చినట్టయింది. నలభై దాటినదాన్ని, చుట్టూ అంత జనం, అయినా ఒకసారి వెనక్కి తిరిగి చూసుకున్నాను.

చిన్నప్పుడు మేం నాంపల్లి స్టేషను వెనక ఒక పాత ఇంట్లో రెండు గదులు కిరాయికి తీసుకుని ఉండేవాళ్లం. బాపు ఆబిడ్స్‌లో బట్టల దుకాణంలో పనిచేసేవాడు. అమ్మ సుల్తాన్ బజార్ నుంచి చీరలు తెచ్చి ఫాల్స్ కుట్టేది. చలికాలం వస్తే నుమాయిష్ మైకులో తప్పిపోయిన పిల్లల పేర్లు మా వంటింటిదాకా వినిపించేవి. ఇరానీ హోటల్లోంచి బిస్కెట్ల వెన్న వాసన, రైలు కూత, అమ్మ మిషను చప్పుడు, పొయ్యి మీద మరుగుతున్న చారు పులుపు, అన్నీ కలిసి సాయంత్రం ఎంతో కమ్మగా ఉండేది, ఏడు గంటల దాకా. ఏడు కాగానే గిరిగిరాయన స్కూటరు మా సందులోకి తిరిగేది.

గిరిగిరి అంటే రోజుకింత అని ఇంటికొచ్చి వసూలు చేసుకునే అప్పు. నాయనమ్మ ఆపరేషన్‌కి బాపు తెచ్చాడు. నాయనమ్మ దక్కలేదు, అప్పు మిగిలింది. చేతిలో డబ్బున్న రోజు బాపే ఎదురెళ్లి కట్టేవాడు; లేని రోజు స్కూటరు చప్పుడు వినగానే బియ్యం డబ్బా వెనక నక్కేవాడు. అప్పుడు నా పని రెండు: గడప ముందున్న బాపు చెప్పులు లోపలికి తేవడం, తలుపు దగ్గర నిలబడి బాపు లేడనడం. అబద్ధమాడితే కళ్లు పోతాయని చెప్పిన అమ్మే నాకు ఈ మాట కూడా నేర్పింది. నాకు తొమ్మిదేళ్లు. వెనకింటామె రెండు వారాలు కట్టలేదని ఆయన ఆమె కుట్టు మిషను ఆటోలో వేసుకుపోవడం కళ్లారా చూశాను. మా మిషను కూడా పోతే మేం ఏం తినాలో నాకు తెలియదు.

ఒక శుక్రవారం నా గల్లగురిగిని చెవి దగ్గర ఊపుకుంటూ కూర్చున్నాను. అదీ అమ్మ కొనిచ్చిందే. చేతికొచ్చిన దాంట్లో సగం అందులో వెయ్యాలని, నిండేదాకా పగలగొట్టొద్దని, ఎవరి ముందూ చెయ్యి చాచొద్దని రోజూ చెప్పేది. నుమాయిష్‌లో జెయింట్ వీల్ ఎక్కాలని దాస్తున్నాను. ఆ ధ్యాసలో ఉండగా స్కూటరు ఆగింది. బాపు డబ్బా వెనక్కి పోయాడు, నేను తలుపు దగ్గరికి పరుగెత్తాను, చెప్పుల సంగతి మరిచాను.

"బాపు ఇంట్ల లేడు," అన్నాను.

ఆయన కిందికి చూశాడు. నల్లదారంతో కుట్టిన బాపు చెప్పులు అక్కడే ఉన్నాయి.

"మీ బాపు ఉత్తకాళ్లతోని పోయిండా బిడ్డా?" అని నవ్వి, గడప మీద కూర్చుని, మిషను వైపు చూశాడు.

మిషను తీసుకుపోతాడనుకున్నాను. చేతిలోనే ఉన్న గురిగిని నేలకేసి కొట్టి, చిల్లరంతా ఏరి ఆయన దోసిట్లో పోశాను. ఆయన నిదానంగా లెక్కబెట్టి, "ఇయ్యాల్టికి సరిపోయింది" అని రోజువారీ వసూలు రాసే కార్డు మీద సంతకం పెట్టి వెళ్లిపోయాడు. బాపు బయటికొచ్చాడు కాని నా మొహం చూడలేదు. అమ్మ పెంకులు ఏరుతూ, "గట్లెందుకు ఇచ్చినవే, ఇగ రోజు నిన్నే అడుగుతడు" అని ఏడ్చింది.

అట్లాగే అయింది. మర్నాటి నుంచి ఆయన "పాప ఉన్నదా?" అంటూ వచ్చేవాడు. అమ్మ తన కమ్మలు అమ్మి అప్పు తీర్చేదాకా బియ్యం డబ్బా వెనక నేను దాక్కునేదాన్ని; బాపు తలుపు దగ్గర నిలబడి, తలొంచుకుని, "పాప ఇంట్ల లేదు" అనేవాడు.

ఆ ఇల్లు ఇప్పుడు లేదు, అక్కడ లాడ్జి కట్టారు. ఇరానీ హోటల్ మూతబడింది, బాపు పోయాడు. ఇప్పుడు వసూలుకి ఇంటికి ఎవరూ రారు, ఫోన్లు చేస్తారు. బాబు బడి ఫీజుకి ఫోన్లోనే ఒక యాప్‌లో తీసుకున్న అప్పు వాయిదా ఈ నెల నేను కట్టలేదు. ఆ సంగతి వాడికి చెప్పలేదు. నిన్న ఇంటికొచ్చాక కొత్త గురిగిలో వాడి చేత మొదటి రూపాయి వేయించి, పొదుపు గురించి నాలుగు మాటలు చెబుతుంటే ఫోను మోగింది. నేను ముట్టుకోలేదు. మళ్లీ మోగింది. వాడు నా మొహంలోకి చూసి, గురిగిని చొక్కా కింద దాచుకున్నాడు.

"అమ్మా, నువ్వు ఇంట్ల లేవని చెప్పాల్నా?"

ఫోనెత్తి, వాడికి వినబడేట్టుగా, "ఉన్న, చెప్పున్రి" అన్నాను.