ఎర్త్ గుంతకు నీళ్లు పోసిన మా ఓనరమ్మ

కడపలో మా పాత ఓనరమ్మ పోయిందని పొద్దున్నే ఫోనొచ్చింది. నిద్రలోనే గుండె ఆగిందట. ఇప్పుడు ఆమె ఇంటి మేడ మీద అద్దెకుంటున్నాయన చెప్పాడు. కర్నూలులో దొరికిన మొదటి బస్సెక్కాను.

విలేకరిగా కొత్తలో నేనూ ఆ మేడ మీదే ఉండేవాణ్ణి. వాళ్లకు బజారులో కిరాణా అంగడి. ఏటా ఎండలు ముదరకముందే ఆమె వైర్‌మ్యాన్‌ను పిలిపించి స్విచ్‌బోర్డులన్నీ విప్పించేది. వదులైన స్క్రూ, మాడిన వైరు, ఏది కనబడినా అప్పుడే మార్పించేది.

"అంతా బాగానే ఉంది కదమ్మా" అన్నానొకసారి.

"బాగుండాదని చూసినావా, అనుకున్నావా?" అంది.

ఆ ప్రశ్న తర్వాత నా ఉద్యోగంలో చాలాసార్లు అక్కరకొచ్చింది.

ఇంటి వెనక ఎర్త్ గుంత ఉండేది. భూమిలో పాతిన పైపు, చుట్టూ బొగ్గు, ఉప్పు. ఎక్కడైనా కరెంటు ఇనుముకు తగిలితే మనిషిని పట్టకుండా దాని గుండా భూమిలోకి పోవాలి. కడప నేల ఎండాకాలం రాయిలా బిగుసుకుంటుంది. ఎండిన మట్టి కరెంటును సరిగా లాక్కోదు. అందుకే ట్యాంకర్ నీళ్లు పట్టుకునే రోజుల్లోనూ ఆమె ఒక బిందె అందులో పోసేది. పక్కింటామె గోడ మీంచి నవ్వేది.

"ఏమక్కా, ఇనప చెట్టుకు నీళ్లు పోస్తాండావు, కాయలేమన్నా కాసినాయా?"

"కాయకూడదనే పోస్తాండా లేమ్మా."

నేను వెళ్లేసరికి ఇంటి ముందు పందిరి వేశారు. ఆమెను అద్దాల మూత ఉన్న ఫ్రీజర్ పెట్టెలో పడుకోబెట్టారు. మంగంపేట నుంచి కూతురు దారిలో ఉంది. ఆమె తమ్ముడు పెట్టె మీద చేయి వేసి, ఉలిక్కిపడి తీసుకున్నాడు.

"జిల్లుమనె. ఐసు కదా" అన్నాడు.

చల్లదనానికి మనిషి అలా ఉలిక్కిపడడు. వైరు వెంట నడిచాను. చివర ప్లగ్ లేదు. రెండు ఉత్త తీగలు పందిరి లైట్ల బోర్డులో, అగ్గిపుల్లలు దూర్చి.

నేను అడగకముందే పందిరి వేసినాయన చెప్పాడు: "ఇంట్లో పెడితే మాటిమాటికీ ట్రిప్ అయితాంది సార్. ఆ ఇంటి కరెంటే సరిలేదు. అందుకే బయట నుంచి లాగినాం."

కరెంటు లీకైతే టక్కున ఆపేసే స్విచ్చు ఆ ఇంట్లో ఆమె పెట్టించిందే. అది తన పని చేసింది. వీళ్లు దాన్ని తప్పించుకొని బయటికెళ్లారు.

ఆపమన్నాను. తమ్ముడికి కోపమొచ్చింది.

"ఏమప్పా, ఈ ఎండకు మా అక్కను అట్లే పెట్టమంటావా? బిడ్డ ఇంకా రాల్యా."

"ఆ బిడ్డ వస్తూనే పెట్టెను పట్టుకుని ఏడుస్తుంది."

ఆయన నా మొహం చూశాడు. తనే పోయి స్విచ్ కట్టేశాడు.

ఏటా వచ్చే వైర్‌మ్యాన్‌కు ఫోన్ చేశాం. వస్తున్నానన్నాడు. నేను గేటు దాకా పోయి, రోడ్డు చూసి, మళ్లీ పందిట్లోకి వచ్చేవాణ్ణి. పెట్టె కింద నీళ్లు కారుతున్నాయి. ఆడవాళ్లు చీరకొంగులతో విసురుకుంటూ, "శానాసేపాయె, ఎవురన్నా చూడండప్పా" అంటున్నారు. కూతురు బస్సు దిగానని ఫోన్ చేసింది. అప్పటికీ వైర్‌మ్యాన్ రాలేదు.

చివరికి వచ్చాడు. మూత మడతబందు కింద వైరు పొర అరిగి పెట్టె రేకుకు తగులుతోంది. దాన్ని మార్చాడు, ఎర్త్ తీగ కలిపి మూడు పిన్నుల ప్లగ్ బిగించాడు, ఇంట్లోని సాకెట్‌లో పెట్టాడు. అందరం స్విచ్చు వైపే చూస్తున్నాం. ట్రిప్ కాలేదు. రేకు మీద అన్ని వైపులా టెస్టర్ ఆనించి చూశాడు. వెలగలేదు.

గేటు ముందు ఆటో ఆగింది. కూతురు ఎవర్నీ చూడలేదు. వచ్చి మోకాళ్ల మీద కూలబడి, రెండు చేతులూ చాపి రేకు అంచులు గట్టిగా పట్టుకుంది. చెంప అద్దానికి ఆనించింది. ఆమె ఊపిరికి అద్దం మసకబారితే కొంగుతో తుడిచింది. మళ్లీ మసకబారింది, మళ్లీ తుడిచింది.