లీకులు మూసే బావ

“మావయ్యా, నాన్న లేవలేదు.”

మా మేనకోడలు ఫోన్ చేసినప్పుడు నేను పోర్టు గేటు దగ్గర లారీ డ్రైవర్లతో మాట్లాడుతున్నాను. టీ ఇవ్వడానికి లేపబోతే ఒళ్లు చల్లగా తగిలిందట. నిద్రలోనే గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు. నేను కూర్మన్నపాలెం చేరేసరికి అక్క వాళ్ల గుమ్మం నుంచి పక్క వీధి మలుపు దాకా చెప్పులున్నాయి. చాలావరకు ప్లాంటు బూట్లు. షిఫ్టు దిగి నేరుగా వచ్చినవాళ్లవి.

విలేకరిగా మరణవార్తలు చాలా రాశాను. మా బావ గురించి ఆ పద్ధతిలో రాస్తే నాలుగు వాక్యాలకు మించవు. ఎలమంచిలి దగ్గర పల్లెలో వ్యవసాయ కుటుంబం. స్టీలు ప్లాంటులో గ్యాసు గొట్టాల నిర్వహణలో ఉద్యోగం, అక్కడే రిటైర్మెంటు. భార్య మా అక్క. ఒక్కతే కూతురు. వార్త అక్కడితో అయిపోతుంది. అందులో కారు ఉండదు. రిటైరయ్యాక ఆయన ఎక్కువ పొద్దు గడిపింది ఆ కారు కిందే కాబట్టి, మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆయన ఉద్యోగం చెప్పాలి. కొలిమి నుంచి వచ్చే గ్యాసుకు వాసన ఉండదు, కంటికి కనపడదు. ఎక్కువగా పీలిస్తే మనిషి నిలబడ్డచోటే కూలిపోతాడు. ఆ గ్యాసు వెళ్లే గొట్టాలకు ఎక్కడ సందు పడినా వెతికి మూయడమే బావ పని. ఆ పని ఆయనతో ఇంటికి కూడా వచ్చేసింది. మా ఇంటికి ఎప్పుడు వచ్చినా కూర్చోకముందే వంటింట్లోకి వెళ్లి, సబ్బు నురుగు చేత్తో తీసి సిలిండరు రెగ్యులేటరుకు పట్టించేవాడు. బుడగ రాలేదని చూసుకున్నాకే కుర్చీ. మా ఆవిడ మొదట్లో నొచ్చుకుంది. తర్వాత తర్వాత ఆయన గుమ్మంలో కనపడగానే గిన్నెలో నురుగు కలిపి ఉంచేది.

ఆయన గ్యాంగుకు ఇంకో పద్ధతి ఉండేది. షిఫ్టు మారేటప్పుడు దిగేవాళ్లు ఎక్కేవాళ్లకు పని అప్పగించాలి. ఎవరైనా చేసిన పని ముందు చెప్పుకుంటారు. బావ దగ్గర అలా కుదరదు. “ముందు పాడు సేసింది సెప్పు. బాగు సేసింది టీ తాగతా ఇందాం” అనేవాడు. విరిగిన బోల్టు, మరిచిన వాషరు, తప్పు వైపు తిప్పిన వాల్వు, ఏదైనా సరే ముందు నోటితో బయటపెట్టాలి. తిట్లు ఉండేవి కావు. దాచిపెట్టి, తర్వాతి షిఫ్టులో బయటపడితే మాత్రం ఆ మనిషితో వారం రోజులు టీ తాగేవాడు కాదు.

మా మేనకోడలు మధురవాడలో సాఫ్ట్‌వేరు ఉద్యోగి. కారు పిచ్చి ఆమెది. విడిభాగాలుగా వచ్చే కిట్ కారు తెప్పించుకుంది. ఇనప గొట్టాల చట్రం, ఫైబరు ఒళ్లు వాళ్లు పంపుతారు. ఇంజను, చక్రాలు మనమే తెచ్చుకుని బిగించుకోవాలి. తుక్కుకు వెళ్లే పాత కారు నుంచి తీసిన పెట్రోలు ఇంజను దొరికింది. ఇంటి వెనక రేకుల షెడ్డులో శని, ఆదివారాలు తండ్రీ కూతుళ్లు దాన్ని కట్టారు. మామూలు రోడ్డు మీద తిప్పడానికి దానికి అనుమతి లేదు. ట్రాకు మీద తిప్పాలన్నదే ఆమె కోరిక. పొరుగు రాష్ట్రంలో ఒక రేసు ట్రాకు ఉంది. పోటీలు లేని రోజుల్లో మామూలు మనుషులు తమ కార్లు తెచ్చి నడుపుకోవచ్చు.

మొదటిసారి వెళ్లినప్పుడు నేనూ వెంట ఉన్నాను. కారు మినీ లారీలో, మేం రైల్లో. ఆమె బాగానే నడిపింది. ఆరేడు చుట్లయ్యాక కుడివైపు పొడవాటి మలుపులో, ఆమె వెనక వస్తున్న ఎర్రకారు జారి, గిరగిరా తిరిగి ట్రాకు పక్క కంకరలోకి వెళ్లిపోయింది. నడుపుతున్న కుర్రాడు కోయంబత్తూరు వాడు. దెబ్బలేమీ తగల్లేదు. అన్ని కార్లనూ ఆపేశారు. మలుపులో నూనె పడి ఉంది. అప్పటికి చాలా కార్లు తిరిగాయి. అది ఎవరి కారు నూనో ఎవరికీ తెలియదు.

బావ మా కారు కిందికి దూరాడు. ఇంజను లోపల తయారయ్యే గ్యాసు బయటికి పోవడానికి పైన చిన్న గొట్టం ఉంటుంది. బ్రీదరు అంటారు. దాని కొసను ఓ కూల్‌డ్రింకు సీసాలో పెట్టి కట్టారు వీళ్లు. గ్యాసుతో పాటు వచ్చిన నూనెతో సీసా నిండి, పొర్లి, వెనక చక్రం దాకా కారింది. బావ లేచి, వేలికంటిన నూనె తుడుచుకోకుండానే నిర్వాహకుడి దగ్గరికి నడిచాడు. మేనకోడలు చెయ్యి పట్టుకుంది. “నాన్నా, తుడిచేసి సీసా మార్చేద్దాం. ఎవరూ చూళ్లేదు” అంది.

“నాను సూసినాను గదమ్మా” అన్నాడు.

తనకొచ్చిన ఇంగ్లీషులో నూనె మాదేనని నిర్వాహకుడికి చెప్పాడు. కంకరలోంచి కారును తోయించుకుంటున్న కుర్రాడి దగ్గరికి వెళ్లి అతనికీ చెప్పాడు. ఆ రోజుకు మా కారు ఆట అయిపోయింది. వేడెక్కాక కూడా చుక్క కారదని చూపిస్తేనే మళ్లీ రానిస్తామన్నారు. తిరుగు రైల్లో మా మేనకోడలు విజయవాడ వచ్చేదాకా తండ్రితో మాట్లాడలేదు. విజయవాడలో ఆయనే దిగి ఇడ్లీ పొట్లాలు తెచ్చి, “నీ కోపం నాయమే. గానీ ఆ ఎర్రకారోడు గోడకి కొట్టుకునుంటే ఈ పొట్లం గొంతు దిగునా?” అన్నాడు. ఆమె పొట్లం విప్పింది.

తర్వాత బావ చేసింది ఆయన మాత్రమే చేయగల తప్పు. ఉద్యోగమంతా లీకు కనపడితే మూసిన మనిషి. ఆ బ్రీదరునూ మూసేశాడు. లోపల గట్టి స్ప్రింగు వాల్వు పెట్టి, క్లిప్పు మీద క్లిప్పు బిగించాడు. అంతటితో ఆగకుండా, మలుపుల్లో ఇంజనుకు నూనె అందదేమోనని మట్టం చూసే కొలత పుల్ల మీది పై గీత దాటేలా నూనె పోశాడు. నూనె తక్కువైతే మిషను పోతుంది గానీ ఎక్కువైతే పోదని ఆయన లెక్క.

పరీక్షించడానికి ఆనందపురం వైపు ఇంకా ఇళ్లు లేని ఓ లేఅవుట్ చూసుకున్నారు. యజమాని తెలిసినవాడు, సరేనన్నాడు. మధ్యలో పార్కు కోసం వదిలిన స్థలం, దాని చుట్టూ గుండ్రంగా తారు రోడ్డు. అక్కడి బ్రోకరుకు మాత్రం ఎవరూ చెప్పలేదు. మేం లారీలోంచి కారు దింపుతుంటే పరిగెత్తుకొచ్చి, “ఈస్టు ఫేసింగు కావాలా, కార్నరు బిట్టు కావాలా బాబూ?” అని అడిగాడు. “నూనె కారని బిట్టు కావాలి” అన్నాడు బావ.

కారు పార్కు చుట్టూ తిరగసాగింది. కాసేపటికి ఇంజనులోంచి టప్పుమని చప్పుడైంది. కొలత పుల్ల పైకెగిరి బానెట్టుకు తగిలింది. ఆ కన్నంలోంచి నూనె చిమ్మింది. ఇంజను వెనక నూనెను ఆపే సీలు కూడా తన్నుకొచ్చింది. మునుపు గ్లాసెడు కారితే ఈసారి గిన్నెడు కారింది.

“నాన్నా, ఇది మీ గ్యాసు లైను కాదు. లోపల గ్యాసు పుడుతూనే ఉంటుంది. పోడానికి దారి లేకపోతే అదే దారి చేసుకుంటుంది” అంది కూతురు. బావ తారు మీది నూనె మీద ఇసక పోసి, ఊడ్చి, ఇంటికొచ్చాడు. మర్నాడు షెడ్డులో కూతుర్నీ, అక్కనూ, నన్నూ నిలబెట్టాడు.

“ముందు పాడు సేసింది సెప్తాను. గొట్టం మూసీసినాను, అదొకటి. నూనె ఎక్కువ పోసీసినాను, అది రెండోది. రెండూ నానే. ఇప్పుడు చార్జి అమ్మాయిది. అదేటి సెప్తే అది సేత్తాను” అన్నాడు.

నేను ప్రెస్‌మీట్లు చాలా చూశాను. అంత చిన్న ప్రకటన వినలేదు.

ఆ రోజు నుంచి పని తిరిగింది. నూనెను రెండు గీతల మధ్యకు దించారు. సన్నగొట్టం తీసేసి లావుది వేశారు. గొట్టాన్ని ఇంజను నుంచి ముందు పైకి లేపి, తర్వాత డబ్బాలోకి దించారు. ఎక్కేటప్పుడే కొంత నూనె వెనక్కి జారిపోతుందని ఆమె లెక్క. డబ్బా కోసం బావ పూర్ణా మార్కెట్టు దగ్గర పాత్రల కొట్లో మూత గట్టిగా పట్టే స్టీలు పాలక్యాను తెచ్చాడు. పక్కనుంచి గ్యాసు లోపలికి, పైనుంచి చిన్న ఫిల్టరు గుండా గాలి బయటికి, అడుగున ఖాళీ చేయడానికి కుళాయి. గ్యాసుతో వచ్చే నూనె తుంపర లోపలే ఆగడానికి గిన్నెలు తోమే స్టీలు పీచు కూర్చారు. ఆ పీచు కదలకుండా కిందా పైనా చిల్లుల రేకు కావాలి. అక్క ఇడ్లీ రేకుల్లో ఒకదానికి రెండు గుంటలు మాయమయ్యాయి. “అడిగితే ఇవ్వనా? పాతది అటకమీదుంది గదా, కొత్తదే దొరికినాదా మీకు?” అంది అక్క. చాలా రోజులు వాళ్లింట్లో ఇడ్లీలు ఒక వాయికి రెండు తక్కువ.

అయినా మళ్లీ లేఅవుట్‌కు వెళితే క్యానులో నూనె ఎక్కువే పడింది. ఎడమవైపు తిరిగితే దాదాపు ఏమీ లేదు. కుడివైపు తిరిగితేనే పడుతోంది. చెప్పుకుంటే తేలిక విషయమే. కారు కుడికి తిరిగితే లోపలి నూనె ఎడమకు తన్నుకుంటుంది. బ్రీదరు రంధ్రం ఇంజను మూతకు ఎడమ పక్కనే ఉంది. దాన్ని మూతకు కుడి పక్కకు మార్చి, ఎదురుగా అడ్డురేకు పెట్టారు. ఆ తర్వాత ఎటు తిప్పినా క్యాను అడుగు తడిసిందంతే.

బావకు అప్పుడూ తృప్తి లేదు. “సల్లగున్నప్పుడు అన్ని మిషన్లూ మంచివే. ఏడెక్కినాక సూడాల” అంటూ మండుటెండలో తిప్పించాడు. తిప్పిన ప్రతిసారీ కారు కిందికి తనే దూరేవాడు. చివరిసారి దూరినప్పుడు చాలాసేపు బయటికి రాలేదు. కూతురు కంగారుగా వంగి చూసింది. వెల్లకిలా పడుకుని నవ్వుకుంటున్నాడు. “ఏటీ లేదు. లేకపోడం సూత్తన్నాను” అన్నాడు.

ట్రాకు తేదీ ఖాయమైంది. ఆ తేదీకి ముందే ఆయన పోయాడు.

కర్మలు ముగిశాక ఇంట్లో అదే చర్చ. తండ్రి పోయిన ఏడాది తిరక్కుండా ఆడపిల్ల కార్లాటకు వెళ్లడమేమిటని ఎలమంచిలి నుంచి వచ్చిన పెద్దవాళ్లు అన్నారు. మేనకోడలు కూడా వెనక్కి తగ్గింది. కారు అమ్మేస్తానంది. ఆయన లేకుండా ఆ షెడ్డులోకి మళ్లీ అడుగు పెట్టడం తనవల్ల కాదని నాతో విడిగా చెప్పింది. అక్క అంతా విని, చీపురు తీసుకుని షెడ్డులోకి వెళ్లి ఊడ్చింది. వచ్చి కూతురితో ఒక్క మాట అంది.

“పండగా, పబ్బమా? పని. మీ నాన్న అప్పసెప్పీసినాడు గదా. ఎల్లు.”

అక్క కూడా మాతో వచ్చింది. ట్రాకు దగ్గర పొద్దున నడిపేవాళ్లందరినీ కూర్చోబెట్టి నియమాలు చెప్పారు. అవి అయిపోయాక మేనకోడలు లేచింది. పోయినసారి కారిన నూనె తమ కారుదేనని మొదలుపెట్టి, ఏమేం తప్పులు చేశారో చెప్పింది. మూసిన గొట్టం, ఎక్కువ పోసిన నూనె, తప్పు పక్కనున్న రంధ్రం. తండ్రి పోయాడని చెప్పలేదు. ఎర్రకారు కుర్రాడు వెనక వరసలో ఉన్నాడు. బయటికొచ్చాక మీ నాన్నగారు రాలేదా అని ఇంగ్లీషులో అడిగాడు. అప్పుడు చెప్పింది. అతను కారు కిందికి తొంగి చూడొచ్చా అని అడిగాడు. ఆమె తప్పుకుంది. అతను నేల మీద పడుకుని చాలాసేపు చూశాడు. లేచి దుమ్ము దులుపుకుని, డబ్బా మూత తీయించి చూసి, లోపల ఆ రేకేమిటని అడిగాడు. ఇడ్లీ రేకని చెబితే ముందు నమ్మలేదు.

మొదట కొన్ని చుట్లు ఆమెను ఒక్కదాన్నే తిరగమన్నారు. ఇంజను బాగా వేడెక్కాక పిలిచి, కింద కాగితం పరిచి చూశారు. వెళ్లమని చెయ్యి ఊపారు. అప్పుడు మిగతా కార్లనూ వదిలారు.

అక్కా నేనూ కుడి మలుపుకు ఎదురుగా కంచె దగ్గర నిలబడ్డాం. అక్క కొంగు గుప్పిట్లో పట్టుకుని ఉంది. మా కారు ముందు వచ్చింది. దాని వెనక పొగ లేదు, తారు మీద ఎండ అల ఒక్కటే కదులుతోంది. చాలా వెనకగా ఎర్రకారు. మొదటి చుట్టులో ఆ మలుపు దగ్గర అతను వేగం తగ్గించాడు. రెండో చుట్టులోనూ తగ్గించాడు. ఆ తర్వాతి చుట్టులో తగ్గించలేదు. మేనకోడలు తిరిగిన గీత మీదే, ఆమె వెనకే, దూరం తగ్గించుకుంటూ మలుపులోకి దిగాడు.