హులిగమ్మ ఒంట్లోని పదహారో వంతు

హులిగమ్మతో వాదించడం కంటే ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పడం వంద రెట్లు నయం. ఎమ్మిగనూరులో పద్దెనిమిదేళ్లుగా నాది అదే ఉద్యోగం, ఆమెది మా వీధే. యాభై దాటినా పత్తి తీయడానికి దిగిందంటే పక్క సాళ్ల ఆడవాళ్లు వెనకబడాల్సిందే. మొన్న ఆమెకు థైరాయిడ్ ముదిరితే కర్నూలులో రేడియో అయోడిన్ మందు మింగించి, ఒంట్లోంచి వచ్చే రేడియేషన్ తగులుతుంది, ముప్పై రెండు రోజులు పసిపిల్లల్ని ఎత్తుకోవద్దని చెప్పి పంపారు. సరిగ్గా ఆ వారమే ఆదోనిలో ఉన్న కూతురు ఈశ్వరికి, పెళ్లయిన తొమ్మిదేళ్లకు, ఆడపిల్ల పుట్టింది.

పదిహేడో రోజు పొద్దున్నే హులిగమ్మ సంచి చంకన పెట్టుకుని బయల్దేరింది.

“యాడికి పెద్దమ్మా?”

“ఆదోనికి. ఈ పొద్దు పిల్లను తొట్లెలో వేస్తాండారు. ఒంట్లో మందంతా పోయింది టీచరమ్మా! ఎనిమిది దినాలకు సగం పోతాదని డాక్టరే సెప్పినాడు. ఇంకో ఎనిమిది దినాలకు మిగతా సగం పోదా? పొద్దున సగం సేను తీస్తే మాపటికి మిగతా సగం తీయమా?”

నా క్లాసులో సగం మంది పరీక్షలో రాసేదీ ఇదే. తల బాదుకున్నాను.

“అట్ల కాదు! మొదటి తీతకు సగం కాయలే పగిలినాయనుకో. రెండో తీతకు మిగిలినాటిలో సగమే పగుల్తాయి. మూడో తీతకు మళ్లా అందులో సగం. పదహారు దినాలకు ఇంకా పావు భాగం నీ ఒంట్లోనే ఉంటాది. ముప్పై రెండుకు పదహారో వంతుకు దిగుతాది.”

“మరి అంతా ఎప్పుడు పోతాది?”

ఒళ్లు మండిపోయింది. “ఎప్పటికీ పోదు! ఎంతో కొంత ఉంటూనే ఉంటాది. పో, పోయి ఎత్తుకో!”

ఆమె సంచి కింద పెట్టి అరుగు మీద కూలబడింది. ఆ రోజు ఆదోని పోలేదు. హమ్మయ్య, ఇన్నాళ్లకు ఒకరికైనా లెక్క ఎక్కింది అనుకున్నాను.

ముప్పై నాలుగో రోజు ఈశ్వరే పిల్లతో వచ్చింది. ఇక ఎత్తుకోవచ్చని డాక్టరు ఫోనులో చెప్పాడట. హులిగమ్మ గోడకు ఆనుకుని చేతులు వెనక్కి పెట్టుకుంది.

“వద్దు తల్లీ. ఎప్పటికీ పోదంట.”

నేను పరుగున వెళ్లాను. మిగిలింది లెక్కలోకి రానంత అని, డాక్టరు అన్నీ చూసుకునే చెప్పాడని గొంతు చించుకున్నాను. కాగితం మీద గీసి కూడా చూపించాను. అన్నిటికీ తల ఊపింది, చేతులు మాత్రం ముందుకు రాలేదు.

“కడాకు సేనులో రెండు కాయలు మిగిల్నా, పురుగు వాటిలోనే దాక్కుంటాది టీచరమ్మా.”

నా నోరు పడిపోను! సాయంత్రం బస్సుకు ఈశ్వరి పిల్లను తీసుకుని బయల్దేరింది. నా ముందు ఆగింది.

“ఆ మాట ఎందుకు సెప్పినావక్కా?”