పక్క ఊరి సంతకం

డుంబ్రిగుడ సంతలో, ఉప్పుచేపల వరస పక్కన, ఫల్గుణ మాస్టారు ఎనిమిదికల్లా బల్ల వేస్తాడు. రిటైరైన దగ్గర్నుంచి ప్రతి సంతకూ ఇంతే. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, ఎగిరిపోకుండా రాయి పెట్టిన అర్జీ. దేశాలన్నీ మళ్లీ కూర్చుని బాంబులు తగ్గించుకునే చర్చలు మొదలుపెట్టాలని అందులో ఉంటుంది. ఎవరైనా ఆగితే ముందు పెన్ను మూత తీసి, ఆ తర్వాతే నోరు విప్పుతాడు. సొంత ఊరివాళ్లు మాత్రం ఆగరు. రెండేళ్ల కిందట ఆయన మాట నమ్మి వాళ్లు పంట కాపలాకు ఉంచుకున్న నాటు తుపాకులు పోలీసులకు అప్పగించారు.

ఈసారి ఆ ఊరి ఈశ్వరమ్మ ఆగింది. పెన్ను అందుకోలేదు.

"ఏటి మాస్టారూ, ఇప్పుడెవుల తుపాకులు అట్టుకెల్తావు?"

"తుపాకులు కాదమ్మా, పెద్ద దేశాల బాంబులు. అందరూ ఒకేసారి దించాలి."

"మాకూ అదే సెప్పినావు. మేం దించినాం, పక్కూరోలు దాసుకున్నారు. ఆల తుపాకులకి బెదిరిన అడివిపందులన్నీ నా సోడిసేను మీద పడ్డాయి. గింజ మిగల్నేదు. ముందు ఆల సంతకం అట్రా."

చేపలమ్మేవాళ్లు నవ్వారు. ఆమె బల్ల పక్కన ఉమ్మేసి వెళ్లిపోయింది. ఆయన చాలాసేపు పెన్నుకు మూత పెట్టలేదు.

తర్వాతి సంతకు బల్ల వేయలేదు. అర్జీ మడిచి జేబులో పెట్టుకుని పక్క ఊరికి నడిచాడు. అక్కడ దాచిన తుపాకులు పదకొండు.