తాచ్నో, తోచ్నో

తల్లి సెర్బు, తండ్రి క్రోయేట్. తాము మొదట కలుసుకున్న సముద్రం పేరు మీదుగా కొడుక్కి యాద్రాంకో అని పెట్టుకున్నారు. ఆ పేరును బట్టి అతను ఎవరివాడో ఎవరికీ తెలిసేది కాదు. యుద్ధం ముగిశాక బోస్నియాలో ప్రతి మనిషీ బోస్నియాక్, సెర్బు, క్రోయేట్ అనే మూడు జాతుల్లో ఏదో ఒకదానిలో చేరాల్సి వచ్చింది. యాద్రాంకో మాత్రం "ఇతరులు" అనిపించుకుంటూ ఉండిపోయాడు.

బ్రచ్కోలో ఒక బడి ప్రయోగశాలలో సహాయకుడతను. అమ్మానాన్నలు పోయాక, సాయంత్రాలు ఇంట్లో ఏదో ఒక చప్పుడు ఉండాలని పాత చదరంగం గడియారానికి కీ ఇచ్చి ఎదురుగా కూర్చునేవాడు. చదరంగం పోటీల్లో తీర్పు చెప్పే ఆర్బిటర్ పరీక్షలన్నీ పాసయ్యాడు. అయినా జాతీయ పోటీల్లో అతనికి దక్కేది మూల బల్లలే. చీఫ్ ఆర్బిటర్ కుర్చీ ఒక ఏడు బోస్నియాక్‌లకు, ఒక ఏడు సెర్బులకు, మరో ఏడు క్రోయేట్లకు. ఇతరులకు వంతు లేదు.

ఆ వసంతంలో పాత స్నేహితుడు నెర్మిన్ ఫోన్ చేశాడు. పోటీల ఏర్పాట్లు చూసేది అతనే.

"ఒరేయ్, మీ నాన్న క్రోయేటే కదా?"

"నాన్న పోయాడు కదరా."

"పోయినా క్రోయేటే. ఈ ఏడు కుర్చీ వాళ్ల వంతు. మీవాళ్లలో పట్టా ఉన్న ఒక్కడూ మోకాలికి ఆపరేషన్ చేయించుకున్నాడు."

"మీవాళ్లంటే ఎవర్రా?"

"పోటీలు అయ్యేదాకా నీవాళ్లు. ఆ తర్వాత నీ ఇష్టం."

యాద్రాంకో సరేనన్నాడు. కోటు కుట్టించుకున్నాడు.

పోటీలు యాయ్త్సే ఊళ్లో. హోటల్ హాలంతా నిండింది. అతను మైకు ముందుకొచ్చి, "ఇప్పుడు సరిగ్గా పది. గడియారాలు మొదలుపెట్టండి" అన్నాడు. ఆ "సరిగ్గా"ని క్రోయేట్లు తోచ్నో అంటారు, మిగతావాళ్లు తాచ్నో అంటారు. అతనికి గడియారం చూడటం నేర్పింది అమ్మ. నోటికి తాచ్నో వచ్చింది.

"బాగున్నాడయ్యా మీ క్రోయేటు, అచ్చం మా అమ్మమ్మలా మాట్లాడుతున్నాడు" అన్నాడొక సెర్బు ఆటగాడు. హాలు నవ్వింది.

భోజనాల దగ్గర క్రోయేట్ల పెద్ద వింకో పక్కన కూర్చున్నాడు.

"యాద్రాంకో గారూ, మా వంతు మూడేళ్లకోసారి వస్తుంది. ఒక్క అక్షరం కూడా మాకివ్వలేరా?"

"నోరు జారిందండీ."

"రేపు కూడా జారితే జట్లను ఇంటికి తీసుకుపోదామంటున్నారు మావాళ్లు. పోటీలే ఆగిపోతాయి."

యాద్రాంకో గదికి వెళ్లి అద్దం ముందు నిలబడి తోచ్నో అని చూశాడు. మాట బాగానే వచ్చింది. కానీ అంటున్నంతసేపూ, చిన్నప్పుడు అట్ట గడియారం ముల్లు తిప్పుతూ ఎదురుగా కూర్చున్న అమ్మను లేచి పొమ్మన్నట్టు అనిపించింది. మళ్లీ అనలేకపోయాడు.

మరునాడు మైకు ముట్టుకోలేదు. చెయ్యెత్తి, గోడ గడియారం చూస్తూ నిలబడి, పది కొట్టగానే దించాడు. గడియారాలన్నీ ఒక్కసారే కదిలాయి.

"గొంతు పోయిందా?" అని నెర్మిన్ అడిగాడు. యాద్రాంకో తలూపాడు.

ఇక అతనికి గొంతు లేదు. సూపుకు కూడా ఇక్కడ ఒక్కో జాతివాళ్లదీ ఒక్కో పేరు కాబట్టి వేలుతో గిన్నె చూపించేవాడు. వింకో తేనె పంపాడు. నవ్విన సెర్బు ఆటగాడే ప్లమ్ పళ్ల సారా తెచ్చి, "రెండు గుక్కలు వేసుకో అన్నా, పొద్దుటికి పాడతావు" అన్నాడు. తనను ఒకరు అన్నా అని పిలిచి ఎన్నాళ్లయిందో. పేరడగాలనుకున్నాడు యాద్రాంకో, కూర్చోమనాలనుకున్నాడు. గుండె మీద చెయ్యి పెట్టి తల వంచాడు. కుర్రాడు కాసేపు చూసి, తనవాళ్ల బల్ల దగ్గరికి వెళ్లిపోయాడు.

"ఎప్పటికి తగ్గుతుందిరా?" అన్నాడు నెర్మిన్.

యాద్రాంకో గోడ మీది పోటీల పట్టికలో చివరి రోజు మీద వేలు పెట్టాడు.