సగం మందికే పర్మిషనండీ

మా బాబాయి పార్కు మూతపడకుండా కాపాడి, ఆ ఊపులో నా పరువుకి నేనే తాళం వేసుకున్న రోజు గురించి చెబుతాను. ఇందులో నా తెలివితేటల్ని మెచ్చుకోదగ్గ ముక్క ఒక్కటీ లేదని ముందే చెప్పేస్తున్నాను. నవ్వొస్తే మొహమాటపడకుండా నవ్వుకోండి. రాజమండ్రిలో సగం ఊరు ఇప్పటికే నవ్వేసింది.

కరోనా కాస్త నెమ్మదించి, మూసినవన్నీ ఒక్కొక్కటే తెరుస్తున్న రోజులవి. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని. స్కూలు లేదు కాబట్టి ఇంట్లో మా అమ్మకే పాఠాలు చెబుతుంటే ఆవిడ నన్ను చూసి వంటింట్లోకి పారిపోయేది. అలాంటప్పుడు బాబాయి ఫోన్ చేశాడు. ఊరి శివార్లలో హైవే పక్కన ఆయనకో పార్కుంది. జెయింట్ వీలు, రంగులరాట్నం, పిల్లల రైలు, నీళ్ళలోకి జారే బల్లలు. నెలల తరబడి మూసి ఉండడంతో రంగులరాట్నం గుర్రాల మీద పిచ్చుకలు కాపురాలు పెట్టేశాయి.

"కరుణా, పార్కు తెరుచుకోమన్నారే. కానీ సగం మందికే పర్మిషను. శనివారం మధ్యాహ్నం తహసీల్దారు గారు చూడ్డానికొస్తారంట. జనం ఎక్కువ కనపడ్డారో, మళ్ళీ తాళమే. ఈసారి తాళం పడితే ఇక నావల్ల కాదమ్మా. పనోళ్ళని కూడా పంపించేయాలి."

ఎప్పుడూ జోకులేసే మనిషి. ఆ గొంతు వింటే నాకు ఏడుపొచ్చింది.

"జనం సంగతి నాకొదిలెయ్ బాబాయ్. సరిగ్గా సగం పార్కు నింపి పెడతాను" అన్నాను. ఆ ఒక్క మాట అనకుండా ఉంటే ఈపాటికి నేను గౌరవంగా బతుకుతూ ఉండేదాన్ని.

ఇక్కడ మా గోదావరి మర్యాద గురించి కాస్త చెప్పాలి. పిలిస్తే రామనడం మాకు చేతకాదు. కాలు విరిగి మంచాన పడ్డ మనిషిని పరుగుపందేనికి పిలిచినా, "ఆయ్, అలాగేనండి" అంటాడు. అన్నవాళ్ళలో వచ్చేది సగం మందే. మా అమ్మ ఏ ఫంక్షన్‌కైనా పిలిచినవాళ్ళలో సగానికే వండిస్తుంది. ఏనాడూ అన్నం తక్కువ పడలేదు. కాబట్టి సగం పార్కు నిండాలంటే పార్కు నిండా సరిపడే మందిని పిలవాలి. పైగా జనానికి కరోనా భయం ఒకటి, అందుకని ఇంకొంచెం కలిపాను. టీచర్ని కదా, లెక్కలో నాకు తిరుగులేదు.

ముందుగా మా చర్చి స్త్రీల సమాజంలో పెద్దావిడ సరోజిని ఆంటీకి ఫోన్ చేశాను.

"ఆంటీ, శనివారం బాబాయి పార్కు మళ్ళీ తెరుస్తున్నామండి. మీరు తప్పకుండా రావాలి."

"ఆయ్, ఎందుకు రామమ్మా! వచ్చేస్తాం."

"మీరొక్కరే వస్తే ఊరుకోనండోయ్. ఇంటిల్లిపాదీ రావాలి. భోజనాలు కూడా అక్కడేనండి."

ఆ చివరి మాటలు అవసరమా అని మీరడగొచ్చు. బొత్తిగా అవసరం లేదు. కానీ పిలవడం మొదలెట్టాక నా నోరు నా మాట వినదు. అందరికీ అలాగే చెప్పాను. అందరూ "అలాగేనమ్మా" అన్నారు.

శనివారం నేను మా అమ్మ తెల్ల పట్టుచీర కట్టుకుని, తహసీల్దారు గారికి ఇవ్వడానికి పూలగుత్తి పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాను. నెలల తరబడి గడప దాటని జనానికి, ఎక్కడికైనా సరే రమ్మంటే చాలన్న సంగతి నాకు అప్పటిదాకా తట్టలేదు. ఆటోలొచ్చాయి. వ్యాన్లొచ్చాయి. సరోజిని ఆంటీ ట్రక్కు ఆటోలోంచి దిగి, వెనక దిగుతున్న కొత్త మొహాల్ని చూపించింది.

"ఒక్కదాన్నే వస్తే ఊరుకోనన్నావు కదా! అందుకే ధవళేశ్వరం నుంచి మా వియ్యాలవారినీ తీసుకొచ్చానమ్మా."

కాసేపటికే లోపల ఉండాల్సిన సగమూ నిండిపోయింది. గేటు బయట అంతకంటే ఎక్కువ మంది మాస్కుల్లోంచి నన్ను చూసి నవ్వుతున్నారు. బాబాయి పరిగెత్తుకొచ్చాడు.

"ఏంటే ఇది? తిరునాళ్ళా?"

"పిలిచినవాళ్ళందరూ వచ్చేశారు బాబాయ్."

"అందరూ ఎలా వస్తారే? మనవాళ్ళు ఏనాడైనా అలా వచ్చారా?"

"అలాగేనన్నారు, నిజంగానే వచ్చేశారు. మోసం చేశారు బాబాయ్!"

పిలిచిన మనిషిని గేటు దగ్గర ఆపి ఖాళీ లేదనడం మా ఇంటావంటా లేదు. లోపలివాళ్ళని కాస్త బయటికి రమ్మంటే, "మావాడింకా రైలెక్కలేదండి" అంటున్నారు. అప్పుడు నాకు రెండో ఆలోచన వచ్చింది. మొదటిదానికి తోబుట్టువే. మైకు అందుకున్నాను.

"బయట పార్కింగులో భోజనాలు వడ్డిస్తున్నామండి. లోపలున్నవారు ముందు రావాలండి. బయటున్నవారు లోపలికి వెళ్ళాలండి."

లోపలివాళ్ళు జెయింట్ వీలు పూర్తిగా ఆగకముందే దిగి వచ్చేశారు. బయటివాళ్ళు మాత్రం పులిహోర వాసన వదిలి లోపలికి కదల్లేదు. వాళ్ళూ వరసలో నిలబడిపోయారు. సరిగ్గా అప్పుడే జీపు ఆగింది.

తహసీల్దారు మేడమ్ గారు తిన్నగా లోపలికి నడిచారు. వెనకే మేమూ వెళ్ళాం. ఖాళీ రైలు కూత పెట్టుకుంటూ తిరుగుతోంది. గుర్రాల మీద మళ్ళీ పిచ్చుకలే ఉన్నాయి.

"సగం మందికి పర్మిషనిస్తే ఒక్కర్నీ రానివ్వలేదేంటండీ? మరీ ఇంత భయపడితే ఎలా?" అన్నారావిడ.

"రూల్సంటే మాకు ప్రాణమండి" అన్నాడు బాబాయి.

"మరి బయట ఆ జనం ఏంటి?"

బాబాయి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆయన్నలా చూడలేక నా నోరు మళ్ళీ తెరుచుకుంది.

"అవి పెళ్ళి భోజనాలండి. పార్కుకి సంబంధం లేదండి."

"ఎవరి పెళ్ళి?"

ఆవిడ చూపు నా తెల్ల పట్టుచీర మీదినుంచి పూలగుత్తి మీదికి దిగింది.

"నీదేనా అమ్మా?"

"ఆయ్, అలాగేనండి" అన్నాను. పుట్టినప్పట్నుంచీ ఉన్న అలవాటు కదండీ, ఎక్కడికి పోతుంది!

"పెళ్ళికొడుకేడి?"

ఈసారి బాబాయి అందుకున్నాడు. "కొవ్వూరబ్బాయండి. గోదావరి బ్రిడ్జి మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయాడండి."

మమ్మల్ని వెతుక్కుంటూ ప్లేటుతో సహా లోపలికొచ్చిన సరోజిని ఆంటీ చెవిన ఆ మాట పడనే పడింది. "అందుకా ఈ భోజనాలు! గుట్టుగా కానిచ్చేస్తున్నారన్నమాట!" అంటూ బయటికి పరిగెత్తింది. ఆవిడ తప్పేమీ లేదు. ఆ రోజుల్లో పెళ్ళిళ్ళన్నీ గుట్టుగానే అవుతున్నాయి. పెరుగన్నం వడ్డించేలోపు పార్కింగంతా నన్ను దీవించేసింది.

"పెళ్ళికైనా ఇంతమంది కూడదు. తినగానే పంపించేయండి. పార్కుకి మాత్రం ఇబ్బంది లేదు" అని మేడమ్ గారు వెళ్ళిపోయారు. బాబాయి పక్కకి తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. తర్వాత అందరికీ ఫోన్లు చేసి, అది పెళ్ళి కాదని ఒట్టేసి మరీ చెప్పాను. అందరూ "అలాగేనమ్మా" అన్నారు.

పార్కు నిలబడింది. కొన్నాళ్ళకి నాకు నిజంగానే సంబంధం కుదిరింది. అబ్బాయిది రావులపాలెం. పెళ్ళికి చర్చి నిండిపోయింది. తెల్ల పట్టుచీరలో, చేతిలో పూలగుత్తితో నిలబడ్డాను. పాస్టరు అయ్యగారు ప్రార్థన చేసి, ఈ వివాహానికి ఎవరికైనా అభ్యంతరముంటే ఇప్పుడే చెప్పాలని ఆనవాయితీ ప్రకారం అడిగారు.

మూడో వరసలో సరోజిని ఆంటీ లేచి నిలబడింది.

"అభ్యంతరం కాదండి అయ్యగారూ. బ్రిడ్జి మీద ఇరుక్కుపోయిన ఆ కొవ్వూరబ్బాయి ఏమైపోయాడా అని చిన్న బెంగండి."

పెళ్ళికొడుకు మెల్లిగా నా వైపు తిరిగాడు. ఆ చూపుకి సమాధానం ఇప్పటికీ చెబుతూనే ఉన్నాను.

కాబట్టి మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇంకెవర్నీ ఎక్కడికీ మాటవరసకి పిలవను. మీరు మాత్రం రాజమండ్రి వస్తే మా ఇంటికి తప్పకుండా రావాలండి. ఒక్కరే వస్తే ఊరుకోను.