మామ దాచిన విల్లు

ఎలుకలు చేరాయని మొన్న ఆళ్లగడ్డలో మా అత్త వంటింటి అటక ఖాళీ చేయించింది. ఇత్తడి గంగాళాలు, విరిగిన ఫ్యాను రెక్కలతో పాటు దుప్పటిలో చుట్టిన పొడవాటి వస్తువొకటి దిగింది. విప్పితే విల్లు. వెంటనే నంద్యాలలో ఉన్న నాకు ఫోను. "అబ్బీ, బేగా రా. మీ మామ ఏందో పెట్టిపోయినాడు" అంది. ఆ మధ్య పోయిన మా మేనమామ విత్తనాల అంగడి నడిపిన మనిషి. ఆయన చేతిలో తక్కెడ చూశాం, గొడుగు చూశాం. విల్లును మాత్రం ఇన్నేళ్లు కాపురం చేసిన అత్త కూడా చూడలేదు.

నేను వెళ్లేసరికి ఆమె కొడుకు, మా బామ్మర్ది, అలాంటిదాని వెల ఎంతుంటుందోనని ఫోనులో వెతుకుతున్నాడు. బొమ్మల్లో చూసే విల్లులా దానికి ఒకే వంపు లేదు. రెండు కొసలూ ఎదురు దిక్కుకు తిరిగి ఉన్నాయి. ఏది ముందో ఏది వెనకో తెలియక, నారి కడదామని ఇద్దరం ఒకవైపు వంచబోతే చిటుక్కుమంది. "వదలండ్రా, ఇరగ్గొడతారు!" అని అత్త అరిచింది. కింది కొస దగ్గర చేత్తో రాసిన రెండు అంకెలున్నాయి: 66, 38. "ముప్పై ఎనిమిదిలో చేసిందమ్మా. తెల్లదొరల కాలంది. శానా పలుకుతాది" అన్నాడు బామ్మర్ది. "అప్పటికి మీ నాయన పుట్టనే లేదు" అంది అత్త. అయితే అరవై ఆరుదేమో అన్నాను. "అప్పుడు ఆయప్ప బడికి పోతాండె. విల్లెవరిచ్చినారు?" అంది. ఆమెకు వెలతో పనిలేదు, దాని వయసు కావాలి. పెళ్లికి ముందుదైతే ఆమె ఎరగని మామ ఒకడున్నట్టు. తర్వాతదైతే ఆమె పక్కనే ఉండి దాచినట్టు. రెండూ ఆమెకు రుచించలేదు.

తెలిసినవాళ్లకు చూపిద్దామని ముగ్గురం నంద్యాల బస్సెక్కాం. "ఏందప్పా అది, చేపల గాలమా?" అని కండక్టరు అడిగాడు. మైదానంలో పిల్లలకు విలువిద్య నేర్పే కోచ్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇవి సంవత్సరాలు గాదన్నా. అరవై ఆరు అంగుళాల పొడుగు. లాగేదానికి ముప్పై ఎనిమిది పౌన్ల బలం కావాల" అన్నాడు. కర్ర పొరల మీద అంటించిన ఫైబర్‌ను, విల్లు ఊగకుండా బరువు బిగించుకునేందుకు పిడి కింద పెట్టిన ఇత్తడి మరను చూసి, డెబ్బైలదో ఆ తర్వాతదో అయ్యుంటుందన్నాడు. చేసినవాళ్ల పేరు చెరిగిపోయింది కాబట్టి అంతకు మించి చెప్పలేడట. ఒక కొస మెలి తిరిగింది గనుక వెల మీద ఆశ పెట్టుకోవద్దన్నాడు. వాళ్ల పెళ్లి డెబ్బైల మొదట్లోనే అయింది, అంటే ఇది పెళ్లి తర్వాతదే కావచ్చు. అత్త పెదవులు బిగించింది. ఇంతలో అతను పిడి పక్కన బాణం ఆనే గంటును చూపించాడు. "ఇది కుడిపక్క చెక్కినారు. ఎడంచేత్తో నారి లాగేటోళ్ల విల్లు. మీ ఆయనది ఎడంచేతి వాటమా అమ్మా?"

మామది కుడిచేతి వాటం. మేమిద్దరం అత్త వైపు తిరిగాం. "నన్నేంటికి చూస్తాండారు?" అంది, ఎడమచేత్తో కొంగు సర్దుకుంటూ. తర్వాత తానే చెప్పింది. కొత్తకాపురంలో జొన్నచేను మంచె మీద నిలబడి ఎడమచేత్తో వడిసెల తిప్పి రాయి విసిరితే పిట్టల గుంపు మొత్తం లేచిపోయేదట. గట్టు మీద మామ చప్పట్లు కొట్టేవాడట. ఆడపిల్లకు ఎడంచెయ్యేందని వాళ్లత్త తిట్టాక వడిసెల వదిలేసింది. "నాకని తెచ్చినాడంటావా అబ్బీ? లేకుంటే విత్తనాలకు పోయినప్పుడు ఈయప్పకు ఏమీ తెలీదని బెంగళూరులో ఎవడన్నా అంటగట్టినాడా?" మామ విషయంలో రెండూ జరగగలిగినవే.

కోచ్ ఏ చేత్తోనైనా లాగగలిగే తేలికపాటి విల్లొకటి ఆమెకిచ్చాడు. అత్త ఎడమచేత్తో లాగి వదిలింది. బాణం నాలుగడుగుల్లో దుమ్ములో పడింది. "ఇంగొకటి ఇయ్యప్పా" అంది. తర్వాతది గురికి పెట్టిన గడ్డిదిమ్మ అంచుకు గుచ్చుకుంది. ఆమె వెళ్లి దాన్ని ఎడమచేత్తోనే పీకి తెచ్చుకుంది. బామ్మర్ది మళ్లీ వెల మాట ఎత్తలేదు. మామ మనసు ఏమిటో మాకు ఇప్పటికీ తెలియదు. కాలం కొన్ని ప్రశ్నలను ఆలస్యంగా అందిస్తుంది, జవాబు తెలిసిన మనిషి లేచి వెళ్లిపోయాక.